కొక్కెర రోగానికి దాణాలో మందా?

"సార్, కోళ్లు మెడలు తిప్పుతున్నయ్, పచ్చగ పారుతున్నయ్. దాణాల ఏం కలపాలె?" పొద్దున్నే ఇలాంటి ఫోన్ వస్తే నాకు టెన్షనే. నిజం చెబితే రైతుకు నచ్చదు.

అపోహ: దాణాలో యాంటీబయాటిక్ కలిపితే కొక్కెర ఆగుతుంది.

ఆగదు. కొక్కెర (రాణిఖేత్), గంబోరో, మనం అమ్మోరు అనే మశూచి, మూడూ వైరస్‌లతో వచ్చేవే. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. పైగా రోగం పట్టిన కోడి ముందు మానేసేది మేతే. పర్కాల దగ్గర ఒక షెడ్డుకు వెళ్తే, మందు కలిపిన దాణా ఫీడర్ల నిండా అట్లాగే ఉంది. కోళ్లేమో రెక్కలు వేలేసి మూలన కునుకుతున్నాయి. చచ్చినదాన్ని ఒకటి కోశాను. కందనకాయకు పైనుండే సంచి లోపల, సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు, కొక్కెర గుర్తు. అవి చూశాక ఆ రైతు మందు పేరు మళ్లీ అడగలేదు.

మరి మీ డాక్టర్లే రాస్తారు కదా అంటారు. రాస్తాం, వైరస్‌తో నీరసించిన కోళ్లను ఈ-కోలై, సీఆర్‌డీ (శ్వాస రోగం) లాంటి బ్యాక్టీరియా రోగాలు పట్టుకుంటే. అదీ ఎక్కువగా నీళ్లలోనే, మేత మానిన కోడి కూడా కాసిన్ని నీళ్లు తాగుతుంది కాబట్టి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం ఎవరిచ్చినా వద్దు, 2019లోనే నిషేధించారు.

అపోహ: పోయినసారి కలిపితే తగ్గింది.

గంబోరోలో చావులు మూడు నాలుగు రోజులు పెరిగి, వారంలో వాటంతటవే తగ్గుతాయి. నాలుగో రోజు కలిపిన మందుకు పేరొచ్చింది, అంతే.

అపోహ: టీకా వేసినా వచ్చింది, టీకా దండగ.

కొక్కెరకు వేసే లసోటా టీకాలో ఉండేది బతికున్న వైరస్. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే ఎండలో హన్మకొండ నుంచి బండి డిక్కీలో తెస్తే మిగిలేది ఉత్త సీసానే. నీళ్లలో ఇస్తే క్లోరిన్ లేని నీళ్లు, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి. అంతకుముందు గంటో రెండు గంటలో నీళ్లు ఆపాలి, ఇచ్చాక రెండు గంటల్లో తాగేయాలి. మొదటి డోసు 5-7 రోజుల వయసులో కంట్లో చుక్కగా వేయడమే మేలు. ఒక్కో పిల్లను పట్టుకోవాలంటే విసుగే, కానీ ఏ పిల్లా తప్పిపోదు.

నాటుకోళ్లకు రోగాలు రావన్నదీ ఉత్తమాటే. చిన్నప్పుడు లసోటా పడ్డవాటికి 8 వారాలకు ఆర్‌2బి అనే కొక్కెర టీకా ఇంజెక్షన్ వేయించండి. అంగడి నుంచి తెచ్చిన కోడిని రెండు వారాలు వేరే గంప కింద ఉంచండి.

దాణాలో కలిపే మందు పనికొచ్చే రోగమూ ఉంది. రక్తపు రెట్ట వేసే కాక్సీడియోసిస్ రాకుండా దాణాలోనే మందు వాడతాం. దానికి కారణం వైరస్ కాదు, పేగుల్లోని పరాన్నజీవి. అందుకే ఫోన్ చేసే ముందు రెట్ట ఫోటో పంపండి.