తెల్లవారుజామున వచ్చే మూర్ఛ: ముజఫర్‌పుర్ పిల్లల మరణాల పూర్వాపరాలు

రాత్రి పడుకునేదాకా ఆడుకున్న బిడ్డ తెల్లవారుజామున కెవ్వున అరుస్తుంది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, పళ్లు గిట్టకరుచుకుంటాయి, కాసేపటికి స్పృహ తప్పుతుంది. ఉత్తర బిహార్‌లో దీన్ని చమ్కీ బుఖార్ అంటారు. బుఖార్ అంటే జ్వరమే గానీ, ఆసుపత్రికి చేరే సమయానికి చాలామంది పిల్లలకు ఒళ్లు కాలేది కాదు. పేరుకూ జబ్బుకూ పొసగని ఈ సంగతిని పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముజఫర్‌పుర్ జిల్లాలో ఈ జబ్బు 1995 నుంచి నమోదవుతోంది. మే నెల మధ్యలో మొదలై, జూన్‌లో ఉధృతమై, వానలు పడగానే మాయమవుతుంది. శ్రీకృష్ణ వైద్య కళాశాల ఆసుపత్రికీ, కేజ్రీవాల్ మాతృసదన్‌కూ పిల్లలు వరసగా వస్తారు. కేస్ షీటు మీద మెదడువాపు అని రాస్తారు. మెదడువాపు అనగానే వైద్యులకు ముందుగా తట్టేది దోమలు మోసుకొచ్చే జపనీస్ ఎన్‌కెఫలైటిస్. పక్క రాష్ట్రం ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పుర్ ప్రాంతంలో 2005లో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది అదే కాబట్టి ఆ అనుమానం సహజం. అందుకే ఏటా నమూనాలు తీయడం, వైరస్ కోసం వెతకడం, దొరకలేదని రాయడం ఆనవాయితీగా సాగింది.

ఇలాంటి తికమక మనకూ తెలుసు. 2003 వేసవి చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇదే తీరుగా జబ్బుపడితే 183 మంది చనిపోయారు. చాలామంది ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజులకే కన్నుమూశారు. అప్పుడూ మొదటి అనుమానం జపనీస్ ఎన్‌కెఫలైటిస్ మీదే. పుణే వైరాలజీ సంస్థ మాత్రం చండీపురా వైరస్‌ను పట్టుకుంది. అది 1965లో నాగపూర్ దగ్గర బయటపడినది, ఇసుక ఈగల ద్వారా వ్యాపిస్తుందని భావించేది. హైదరాబాద్‌లో పిల్లలకు చికిత్స చేసిన వైద్యులు కొందరు ఆ మాటతో ఏకీభవించలేదు. తాము చూసింది మెదడు వాపు కాదనీ, రక్తనాళాలు దెబ్బతిని వచ్చిన పక్షవాతం లాంటిదనీ వాదించారు. ఎవరిది సరైనదన్నది పక్కన పెడదాం. ఒకే పేరు కింద ఎన్ని జబ్బులు దాక్కోగలవో చెప్పడానికి ఆ వివాదం చాలు.

ముజఫర్‌పుర్‌కు వస్తే, అక్కడ ప్రయోగశాల చెప్పలేనిదాన్ని మరణాల తీరు చెప్పింది. వైరస్ అయితే వెన్ను నుంచి తీసిన నీటిలో వాపు ఆనవాళ్లు కనిపించాలి, ఇక్కడ చాలామందిలో లేవు. అంటువ్యాధి అయితే ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు పడాలి, ఇక్కడ ఊరికొకరు చొప్పున పడుతున్నారు. వైరస్‌కు తెల్లవారుజాము ఎందుకు? జబ్బు పడేది ఎక్కువగా పేదింటి చిన్నపిల్లలే ఎందుకు? అదీ లిచీ పండ్లు కోసే నెలల్లోనే, తోటల చుట్టుపక్కలే ఎందుకు?

వెల్లూరుకు చెందిన వైరస్ నిపుణుడు జేకబ్ జాన్, ముజఫర్‌పుర్ పిల్లల వైద్యుడు అరుణ్ షా తదితరులు ఈ ప్రశ్నల వెంట నడిచి జమైకాలోని ఒక పాత జబ్బు దాకా వెళ్లారు. అక్కడ ఆకీ అనే పండు పండకముందే తిన్నవారికి వాంతులు పట్టుకుని, రక్తంలో చక్కెర పడిపోయి చనిపోవడం ఎప్పటినుంచో తెలిసిన విషయం. ఆకీ, లిచీ రెండూ మన కుంకుడుకాయ కుటుంబానివే. ఈ పండ్లలో ఉండే హైపోగ్లైసిన్, దానికి దగ్గరి మరో పదార్థం కొవ్వు కరిగి శక్తిగా మారే దారిని మూసేస్తాయి. కడుపు నిండా తిన్న పిల్లకు రాత్రంతా సరిపడా చక్కెర కాలేయంలో నిల్వ ఉంటుంది. బక్కచిక్కిన పిల్లకు అది ఉండదు. పగలంతా రాలిన పండ్లు తిని, రాత్రి అన్నం తినకుండా నిద్రపోతే తెల్లవారేసరికి ఉన్న కాస్తా ఖర్చవుతుంది. కొవ్వు నుంచి సాయం అందే దారీ మూసుకుపోయి ఉంటుంది. మెదడు ఆగిపోతుంది.

2014 వేసవిలో భారత, అమెరికా సంస్థలు కలిసి దీన్ని లెక్కగట్టాయి. ఆ రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మందిలో 122 మంది మరణించారు. రక్తపరీక్ష చేసిన 327 మందిలో 204 మందికి చక్కెర డెసీలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువ. జబ్బుపడ్డ పిల్లలు లిచీ తిని ఉండే అవకాశం, ముందురాత్రి భోజనం మానేసి ఉండే అవకాశం మిగతా పిల్లలకంటే చాలా ఎక్కువ. ఫలితాలు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. లిచీ రైతులకు, ముజఫర్‌పుర్‌లోనే ఉన్న జాతీయ లిచీ పరిశోధన కేంద్రానికి ఇది రుచించలేదు. పండు తినని పసిపిల్లలకూ జబ్బు వచ్చిందనీ, అసలు దోషి ఎండదెబ్బ అనీ వాదన నడిచింది, ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం పండుకంటే ఆ ఖాళీ కడుపే పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. తోటల్లో లిచీ తిన్న పిల్లలు వేలల్లో ఉంటారు, పడిపోయినవారు వందల్లోనే.

చికిత్స గ్లూకోజు ఎక్కించడమే, కానీ గంటల్లో ఎక్కించాలి. అందుకే చక్కెర పరీక్ష, గ్లూకోజు రెండూ ఊరికి దగ్గర ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలని మార్గదర్శకాలు వచ్చాయి. కొన్నేళ్లు కేసులు తగ్గాయి. 2019 జూన్ ఎండల్లో మళ్లీ 150 మందికి పైగా పిల్లలు పోయారు. ఊళ్లో పరీక్ష జరగక, బండి దొరక్క, నేరుగా పట్టణం పెద్దాసుపత్రికే మోసుకొచ్చిన బిడ్డలు వారిలో ఎందరో. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇప్పుడు వేసవి రాగానే ఆ ఊళ్లలో తల్లులకు మూడు మాటలు చెబుతున్నారు: ఖిలావో, జగావో, అస్పతాల్ లే జావో. రాత్రి తినిపించి పడుకోబెట్టు, తెల్లారక ముందే లేపి చూడు, తేడా కనిపిస్తే ఆసుపత్రికి తీసుకుపో.