మిక్చర్ పొట్లంలో పత్తి గింజ

మొన్న హన్మకొండ బస్టాండులో పరకాల బస్సు కోసం నిలబడి పది రూపాయల మిక్చర్ పాకెట్ కొన్నాను. పాకెట్ అయిపోయింది, బస్సు రాలేదు. ఏం తోచక వెనక రాసింది చదివాను. శనగపిండి, పల్లీలు, అటుకులు, ఉప్పు, కారం. నూనె దగ్గర రెండు పేర్లున్నాయి: పామోలిన్, పత్తి గింజల నూనె. కళ్లద్దాలు పైకెత్తి, కిందికి దించి చూస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాలు.

పత్తి మా ఇంటి పంట. దాన్ని విత్తాం, ఏరాం, అమ్మాం, దాని అప్పులు కట్టాం. తింటున్నామని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. జన్యుమార్పిడి తిండి మంచిదా కాదా అని టీవీలో కొట్లాడుతుంటే, అదేదో అమెరికా మక్కజొన్న గొడవలే అని చానెల్ మార్చేస్తాం. మన దేశంలో రైతులు అనుమతితో పండిస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. పండే పత్తిలో 90 శాతానికి పైగా బీటీ అనే జన్యుమార్పిడి రకమే. క్వింటా పత్తిని జిన్నింగ్ మిల్లులో వేస్తే దూది వచ్చేది మూడో వంతు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం గింజే. ఆ గింజను ఎవరూ పారబోయరు. నూనె మనుషులకు, నూనె తీశాక మిగిలే చెక్క పశువులకు పోతుంది. అందుకని ఈ గొడవ తెలుసుకోవడానికి నేను అమెరికా దాకా పోను. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో ఒక బస్తాలోంచి గింజ తీసుకుని దాని వెంట నడుస్తాను.

ముందు ఆ గింజలో కొత్తగా ఏం పెట్టారో చూద్దాం. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే కారణం వెతికిన ఇషివాతా అనే శాస్త్రవేత్తకు ఒక బాక్టీరియా కనపడింది. పదేళ్ల తర్వాత జర్మనీలో బెర్లినర్ అనే ఆయనకు పిండిని తినే పురుగుల్లో అదే దొరికింది. తురింజియా అనే ప్రాంతం పేరు మీద దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టాడు. పొడి అక్షరాల్లో బీటీ. ఇది మట్టిలో మామూలుగా ఉండేదే. 'క్రై' అనే రకం ప్రొటీన్లను తయారు చేస్తుంది. పురుగు కడుపులో ఆమ్లం ఉండదు, సున్నపు తేట బాపతు క్షారం ఉంటుంది. ఈ ప్రొటీను అందులో కరుగుతుంది, పేగు గోడ మీద కొక్కేల్లాంటి గ్రాహకాలకు తగులుకుంటుంది, గోడకు చిల్లులు పొడుస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా ఆ కొక్కేలు మనకు లేవు. గొర్రెకూ బర్రెకూ లేవు. సేంద్రియ రైతులు కూడా ఈ బాక్టీరియా పొడిని నీళ్లలో కలిపి కూరగాయల మీద కొడతారు. బీటీ పత్తిలో చేసిందల్లా ఆ ప్రొటీను తయారీ సూత్రాన్ని, అంటే జన్యువును, మొక్కలోకి ఎక్కించడం.

'జన్యువును తింటే మన జన్యువులు మారిపోవా?' అని మా బంధువు ఒకాయన పెళ్లి భోజనాల బంతిలోనే అడిగాడు. ఆయన విస్తట్లో అప్పుడు వంకాయ, పప్పు, మటన్ ఉన్నాయి. మూడింట్లోనూ కోట్లకు కోట్లు జన్యువులున్నాయి. మేక మాంసం ఎన్నేళ్లు తిన్నా మనకు కొమ్ములు రాలేదు. అడగాల్సింది జన్యువు గురించి కాదు. అది మొక్కలో ఏ ప్రొటీనును తయారు చేయిస్తోంది, ఆ ప్రొటీను ఎంత, అది మన పేగులో అరుగుతుందా, ఎవరికైనా పడకపోతుందా అని అడగాలి. ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మన గింజ ఇప్పుడు నూనె మిల్లుకు చేరింది. శుద్ధి చేసిన నూనె అంటే దాదాపు అంతా కొవ్వే. ప్రొటీను, డీఎన్ఏ చెక్కలోనూ మడ్డిలోనూ ఉండిపోతాయి. నా మిక్చర్ పాకెట్లో నూనెను ల్యాబుకు పంపినా అది బీటీ గింజదా, నాటు పత్తి గింజదా చెప్పడం కష్టమే. నూనె విషయంలో క్రై ప్రొటీను భయం నాకు లేదు.

చెక్క సంగతి వేరు, ప్రొటీను ఉండేది అందులోనే. మా ఇంట్లో బర్రెకు రాత్రి నానబెట్టిన పత్తి చెక్క పొద్దున పెట్టేవాళ్లు. ఆ తొట్టి వాసన ఇప్పటికీ నాకు గుర్తే. మరి పాలల్లోకి వస్తుందా? కర్నాల్‌లోని జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ పాడి ఆవులకు బీటీ పత్తి గింజలు మేపి పాలు పరీక్షిస్తే క్రై ప్రొటీను దొరకలేదు. మామూలు ప్రొటీను లాగే అరిగిపోయింది.

ఇక్కడ వరంగల్ వాళ్లు ఎవరైనా లేచి 'మరి గొర్ల సంగతేంది?' అని అడుగుతారు. అడగాలి కూడా. 2006 మొదట్లో వరంగల్ జిల్లా పల్లెల్లో పత్తి ఏరడం అయిపోయిన చెలకల్లో మేసిన గొర్లు చచ్చిపోయాయి. కాపరులు, వాళ్లతో పనిచేసే సంస్థలు బీటీ పత్తి ఆకు తినడం వల్లే అన్నారు. ఆ వార్త దేశాలు దాటిపోయింది. వరంగల్ అంటే కాకతీయుల తోరణం కూడా తెలియని వాళ్లు చచ్చిన గొర్ల లెక్కలు చెప్పారు. అనుమతులిచ్చే కేంద్ర కమిటీ మాత్రం కారణం వేరే అని తేల్చింది: మేతలో నైట్రేట్లు, హైడ్రోజన్ సయనైడు, పత్తి మీద కొట్టిన ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల అవశేషాలు.

నైట్రేట్ మాట వినగానే సాకులా అనిపిస్తుంది గానీ కాదు. ఎరువు వేసిన చేను ఎండకు వాడినప్పుడు మొక్కలో నైట్రేటు పేరుకుంటుంది. నెమరువేసే జీవాల పొట్టలో అది నైట్రైట్‌గా మారి రక్తంలోకి పోతే, రక్తం ఆక్సిజన్ మోయలేదు. గొర్రె ఊపిరాడక కూలబడుతుంది. కొత్త జన్యువు ఏమీ లేని చేలల్లోనూ జీవాలు ఇలా చస్తాయి. క్రై ప్రొటీను ఎలా పనిచేస్తుందో చూస్తే, గొర్రె పొట్టలో దానికి పట్టు దొరికే దారి నాకైతే కనపడదు. కానీ కాపరి వైపు నుంచి చూడండి. ఆ చెలకలో ఏటా మేపుతున్నాడు, ఎప్పుడూ కానిది ఇప్పుడైంది, మారింది ఒక్క విత్తనమే అని అతనికి తెలుసు. అతను తప్పుగా ఆలోచించాడని నేననను. గొర్లు పోయిన వెంటనే ఊళ్లోకి వచ్చి, కోసి చూసి, అతనికి అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు లేదు. వివరణ ఢిల్లీ కాగితాల్లో ఉండిపోయింది, అనుమానం ఊళ్లో ఉండిపోయింది.

ఈ గొడవంతటిలో నాకు విడ్డూరంగా తోచేది ఇంకొకటుంది. పత్తి గింజలో నిజంగానే విషం ఉంది, కానీ అది బీటీది కాదు, పత్తి పుట్టుకతో వచ్చింది. పేరు గాసిపాల్. పత్తి గింజను చాకుతో అడ్డంగా కోసి వెలుతురులో పట్టుకుంటే లోపలి పప్పు నిండా ఆవగింజలో వందో వంతుండే నల్లని చుక్కలు కనపడతాయి. అవి గాసిపాల్ తిత్తులు. పురుగుల నుంచి కాపాడుకోవడానికి పత్తి తానే తయారుచేసుకున్న మందు. నెమరువేసే పశువులు కొంత తట్టుకుంటాయి. కోళ్లూ మనుషులూ తట్టుకోలేరు. చైనాలో శుద్ధి చేయని పత్తి గింజల నూనెతో వండుకున్న పల్లెల్లో పిల్లలు పుట్టడం ఆగిపోతే, ఏమిటా అని వెతికి గాసిపాల్‌ను పట్టుకున్నారు. 1970ల్లో దాన్నే మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా వేలమంది మీద ప్రయత్నించారు కూడా. రక్తంలో పొటాషియం పడిపోవడం, కొందరికి సంతాన శక్తి తిరిగి రాకపోవడం చూసి వదిలేశారు. మనం తినే నూనెలో ఇది ఉండకపోవడానికి కారణం రిఫైనింగ్.

గింజలో నూనె పోను ఐదో వంతుకు పైగా మంచి ప్రొటీను ఉంది. పప్పు కొనలేని ఇంటికి అదొక నిధే, తినడానికి గాసిపాల్ అడ్డం. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారతీయుడు కీర్తి రాథోర్ దాని మీద ఏళ్లకేళ్లు కూర్చున్నాడు. గాసిపాల్ తయారుచేసే జన్యువును గింజలో మాత్రమే నోరు మూయించి, ఆకుల్లో, కాండంలో అలాగే ఉంచాడు. ఆకుల్లో తీసేస్తే పురుగులకు పండగే కదా. 2006లో ఆ ఫలితం ప్రకటించాడు, 2019లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ గింజను మనుషులు తినొచ్చంది. అంటే జన్యుమార్పిడి విషాన్ని తెచ్చిందన్న కథకు తలకిందులుగా, ఇక్కడ విషాన్ని తీసేసింది జన్యుమార్పిడే. ఆ పత్తి మన చెలకల్లోకి రాలేదు.

సహజంగా పుట్టిందంతా మంచిదేమీ కాదు. అమెరికాలో 1967లో మామూలు సంకరం చేసి వదిలిన లెనాపే అనే ఆలుగడ్డలో చేదు విషాలు ఎక్కువున్నాయని తేలి, 1970లో వెనక్కి తీసుకున్నారు. దానిలో జన్యుమార్పిడి ఏదీ లేదు.

అట్లని జన్యుమార్పిడి చేసిందంతా కళ్లు మూసుకుని తినేయొచ్చనీ నేననను. సోయాలో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే పోషకాన్ని పెంచుదామని 1990ల్లో బ్రెజిల్ నట్ జన్యువు ఎక్కించారు. ఆ గింజ పడని మనుషుల రక్తంతో పరీక్షిస్తే కొత్త సోయాకూ అదే ఎలర్జీ స్పందన వచ్చింది. ఆ సోయా బజారుకు రాకుండానే ఆగిపోయింది. ఇది ప్రమాదమని ఒకరు చెప్తారు, పరీక్ష పనిచేసిందని ఇంకొకరు చెప్తారు. నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. 2000లో ఇంకోటి జరిగింది. పశువుల మేతకు మాత్రమే అనుమతించిన స్టార్‌లింక్ అనే మక్కజొన్న, దాని క్రై ప్రొటీను త్వరగా అరగదేమోనన్న అనుమానం ఉన్నది, మనుషులు తినే టాకోల్లో, అంటే మక్కజొన్న రొట్టెల్లాంటి వాటిలో, తేలింది. మాకు పడలేదన్న వాళ్ల రక్తం పరీక్షిస్తే దానివల్ల ఎలర్జీ వచ్చిన ఆధారం దొరకలేదు. కానీ ఏనుమాముల యార్డులో సీజనులో ఒక పూట నిలబడ్డవాళ్లకు తెలుసు, ఒక బస్తా ఇంకో బస్తాలో కలవడానికి ఎంతసేపు పడుతుందో. అమెరికాలోనే ఆగనిది ఇక్కడ కాగితం మీది షరతుతో ఆగుతుందా?

గడ్డలతో ఉబ్బిన ఎలుకల ఫొటో వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. అది 2012లో ఫ్రాన్సుకు చెందిన సెరాలినీ బృందం ఎలుకలకు జన్యుమార్పిడి మక్కజొన్న మేపి చేసిన ప్రయోగం. వాడిన ఎలుకల జాతికి రెండేళ్లు వచ్చేసరికి ఏం తిన్నా తినకపోయినా గడ్డలు సహజం, పైగా గుంపుకు పది ఎలుకలే. దాన్ని అచ్చేసిన శాస్త్ర పత్రికే 2013లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాత యూరప్ ప్రభుత్వ డబ్బుతో అదే రకం మక్కజొన్న మీద రెండేళ్లు చేసిన అధ్యయనంలో హాని కనపడలేదు. ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంది.

వంకాయ దగ్గర మాత్రం లెక్క మారుతుంది, ఎందుకంటే అక్కడ నూనె కాదు, ప్రొటీనుతో సహా కాయనే తింటాం. 2009లో కేంద్ర కమిటీ బీటీ వంకాయకు సరేనంది. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టి, 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి దాన్నే పండిస్తున్నారు. మన కూరగాయల మడుల్లో కాయ తొలిచే పురుగు కోసం ఎన్నిసార్లు మందు కొడతారో, కొట్టిన రెండో రోజే కాయ ఎట్లా మార్కెట్‌కు పోతుందో చూసినవాణ్ని కాబట్టి, ఉడికిస్తే చెదిరిపోయే క్రై ప్రొటీను కంటే ఆ మందే నాకు టెన్షన్.

పోషకాల గొడవలో అందరూ చెప్పే బంగారు బియ్యం మీద నాకంత మోజు లేదు. ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్‌ను బియ్యంలో రప్పించడం గొప్ప శాస్త్రమే. 2000లో ప్రకటించారు, 2021లో ఫిలిప్పీన్స్ సాగుకు ఒప్పుకుంది, 2024లో అక్కడి కోర్టు ఆపింది. ఇన్నేళ్లలో మా పెరట్లో మునగచెట్టు ఎవరి అనుమతీ అడక్కుండా అదే బీటా కెరోటిన్ కాసింది. పెరడు లేని పిల్లల మాట అడిగితే మాత్రం నా దగ్గర అంత తేలిక జవాబు లేదు.

బియ్యం అంటే గుర్తొచ్చింది. 2025 మేలో రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో ఒక జన్యువును కత్తిరించి చేసిన 'కమల' రకాన్ని ప్రకటించారు. బయటి జన్యువు ఏదీ మిగలదు కాబట్టి 2022లో కేంద్రం ఇచ్చిన సడలింపు ప్రకారం దానికి జన్యుమార్పిడి నియమాలు వర్తించవు. కంకికి గింజలెక్కువ, కోతకు ఇరవై రోజులు ముందు అంటున్నారు. తినడానికి దానిలో భయపడాల్సిందేదీ నాకు కనపడలేదు. కానీ బస్తా మీద ఒక ముక్క రాస్తే నష్టమేంటి?

చివర్లో అంటానన్న ప్రశ్న ఇది: ఆ మొక్క మీద ఏం కొడుతున్నారు? 2002లో బీటీ వచ్చినప్పుడు మా నాన్న పురుగుమందు డబ్బాలు కొనడం నిజంగానే తగ్గించాడు. 1997, 98 నాటి పత్తి రైతుల ఆత్మహత్యలు చూసిన ఊళ్లకు అది చిన్న సంగతి కాదు. తర్వాత గులాబీ రంగు పురుగు విత్తనంలో ఉన్న రెండు బీటీ జన్యువులకూ అలవాటు పడిపోయింది, డబ్బాలు మళ్లీ వచ్చాయి. ఇప్పుడు అనుమతి లేని 'బీజీ-3' విత్తనం చాటుగా అమ్ముతున్నారు. గడ్డిమందును తట్టుకునే పత్తి అది. కూలీలు దొరకని ఊళ్లో చేనంతా ఒక్కసారి గ్లైఫోసేట్ అనే ఆ గడ్డిమందు కొట్టేస్తే కలుపు పీకే పని ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో గ్లైఫోసేట్‌ను బహుశా క్యాన్సర్ తేగల వాటిలో చేర్చింది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు మామూలు వాడకంలో అలా జరగదన్నాయి. ఆ వాదన తెగేలోపు మా ఊళ్లో ఎవరు ఎంత కొడుతున్నారో రాసుకునే వాళ్లే లేరు.

పోయిన సంక్రాంతి తర్వాత మా చెలక గట్టున కూర్చున్నాను. పత్తి ఏరడం అయిపోయింది, కట్టెకు ఇంకా పచ్చాకు ఉంది. కాపరి గొర్లను దారి మీదే ఆపి, కర్ర అడ్డం పెట్టి మా నాన్న వైపు తిరిగాడు. విత్తనం ఏ కంపెనీదో అడగలేదు.

'మందు కొట్టి ఎన్ని దినాలైంది పటేలా?'

నాన్న వేళ్లు లెక్కపెట్టి, 'పద్దెనిమిది' అన్నాడు. కాపరి కాసేపు ఆకును చూశాడు. ఒక్క ఆకు తెంపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత గొర్లను పక్కన బీడులోకి మళ్లించాడు.