నీళ్లలో కాలే అడవి

ఓకెఫెనోకీలో పచ్చగా గడ్డి కనిపించింది కదా అని కాలు పెట్టకూడదు. కొన్నిచోట్ల నాలుగడుగులు వేసేసరికి కింద అంతా పరుపులా ఊగుతుంది, అల్లంత దూరాన ఉన్న పొద తల ఊపుతుంది. అమెరికాలోని జార్జియా దక్షిణ కొసన మొదలై కాస్త ఫ్లోరిడాలోకి కూడా దిగిన చిత్తడి అడవి ఇది. పేరుకు ‘వణికే నేల’ అని అర్థం చెబుతారు.

ఆకులూ గడ్డీ నీళ్లలో పడి, గాలి అందక పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుంటే అదే పీట్. అడుగున పుట్టే మీథేన్ వాయువు ఒక్కోసారి ఆ ముద్దను పైకి తేలుస్తుంది. దాని మీద ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆపైన చెట్లు. వేళ్లు కిందికి దిగితే తెప్ప కాస్తా దీవి అయిపోతుంది. ఈ లెక్కన మడుగులన్నీ ఏనాడో పూడిపోయి ఉండాలి.

పూడనివ్వనిది నిప్పు. కరువు ఏళ్లలో ఎండిన పీట్ కూడా కట్టెలా కాలుతుంది. 2011 ఏప్రిల్ చివర్లో పిడుగు పడి రేగిన మంట 3 లక్షల ఎకరాలకు పైగా చుట్టేసింది, పూర్తిగా ఆరడానికి దాదాపు ఏడాది పట్టింది. పీట్ లోతుగా కాలిన చోట గుంట పడుతుంది. వానలొస్తే అదే మడుగు. మళ్లీ కలువలు, చేపలు, వాటి వెనకే కొంగలు.

ఆ కరువు రోజుల్లో నీళ్లు మిగిల్చేది ఎలిగేటర్. మొసలికి దగ్గరి చుట్టం. మూతితో, తోకతో బురద నెట్టి గుంట చేసుకుంటుంది. చేపలు, తాబేళ్లు, కప్పలు అక్కడికే చేరతాయి. ఇంటి యజమానికి ఆకలేసినప్పుడు అద్దె వసూలైపోతుందనుకోండి!

గుడ్లను మాత్రం అది ఒంటి వేడితో పొదగదు. ఆకులూ బురదా కుప్పేసి వాటి మధ్య పెడుతుంది. కుళ్లే ఆకుల వేడే చాలు. 30 డిగ్రీలకు తక్కువుంటే ఆడపిల్లలు, 33 దగ్గర ఎక్కువగా మగపిల్లలు. సుమారు రెండు నెలలకు గుడ్లలోంచి కీచుకీచుమని పిలుపు వినగానే తల్లి కుప్పను తవ్వి, పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీళ్లకు చేరుస్తుంది. ఆ పళ్ల మధ్య ఒక్క గీతా పడదు.

ఇంత వ్యవహారం ఉన్న చోటిని ఎండబెట్టి పొలాలుగా అమ్ముదామని 1891లో ఒక కంపెనీ కొనుక్కుంది. నీళ్లు బయటికి పోయేలా మైళ్ల పొడవున కాలువ తవ్వింది. గట్లు జారిపోతుండేవి, డబ్బు అయిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు సైప్రస్ చెట్లు నరికి రైళ్లలో తోలుకుపోయారు. 1937లో దీన్ని జాతీయ వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటించారు. ఇప్పుడది 4 లక్షల ఎకరాల పైచిలుకు.

కాలువ మాత్రం అలాగే ఉంది. టీ డికాషన్ రంగు నీళ్ల మీద సందర్శకుల పడవలు అందులోంచే లోపలికి వెళ్తాయి. గట్ల మీద ఎలిగేటర్లు ఎండ కాగుతుంటాయి.