“షుగర్ జన్యువు దొరికింది” అంటే ఏం దొరికినట్టు? జీవాస్‌పై అపోహలు – వాస్తవాలు

తలసీమియా ఒక జన్యువు దెబ్బతింటే వస్తుంది. షుగర్, బీపీ, గుండెజబ్బు, స్కిజోఫ్రీనియా అలా రావు. జీనోమ్‌లో (మొత్తం డీఎన్ఏలో) వందలు, వేల చోట్ల ఉండే చిన్న తేడాలకు తిండి, వయసు, శ్రమ తోడై తెచ్చిపెట్టే జబ్బులివి. వీటి వెనక ఉన్న తేడాలను వెతకడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది జీనోమ్-వైడ్ అసోసియేషన్ స్టడీ, మా వాడుకలో జీవాస్. జబ్బున్నవాళ్లను కేసులుగా, లేనివాళ్లను కంట్రోళ్లుగా తీసుకుని, ఒక్కొక్కరి డీఎన్ఏలో లక్షల స్నిప్‌లు, అంటే మనిషికీ మనిషికీ ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు, చిప్‌తో చదువుతాం. ప్రతి స్నిప్ దగ్గర ఆ మనిషికి రిస్క్ అల్లీల్ (జబ్బు వైపు మొగ్గే అక్షరం) సున్నా ఉందా, ఒకటి ఉందా, రెండున్నాయా అని రాసుకుని, ఆ సంఖ్యకూ జబ్బుకూ సంబంధం ఉందేమో తేల్చే లాజిస్టిక్ రిగ్రెషన్ నడుపుతాం. ఆ లెక్క కంప్యూటర్ చేసేస్తుంది. తప్పులన్నీ దానికి ముందు జరుగుతాయి, లేదా తర్వాత ఫలితాన్ని చదివేటప్పుడు జరుగుతాయి.

అపోహ: పీ-వాల్యూ 0.05 కన్నా తగ్గితే సంబంధం తేలినట్టే.

సంబంధమేమీ లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశమే పీ-వాల్యూ. ఒకే పరీక్ష చేస్తే ఆ హద్దు చాలు. జీనోమ్ మొత్తం వెతికితే దాదాపు 10 లక్షల స్వతంత్ర పరీక్షలు చేసినట్టు లెక్క. ఏ సంబంధమూ లేకపోయినా అందులో 50,000 స్నిప్‌లు 0.05 కిందకు వస్తాయి. అందుకే 0.05ను 10 లక్షలతో భాగించి 5×10⁻⁸ హద్దు పెట్టుకున్నాం. ఇది యూరప్ మూలాలున్నవాళ్లలో తరచుగా కనిపించే స్నిప్‌లకు కట్టిన లెక్క. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో పక్కపక్క స్నిప్‌ల మధ్య ముడి తక్కువ కాబట్టి స్వతంత్ర పరీక్షలు పెరుగుతాయి, హద్దు ఇంకా బిగించాలి.

ఈ జాగ్రత్త లేని రోజుల్లో ముందే అనుమానించిన నాలుగు జన్యువులను చూసి, 0.05 రాగానే ప్రచురించేవారు. డిప్రెషన్‌కు సంబంధించి అలా పేరుపడ్డ 18 జన్యువులను 2019లో లక్షల మంది డేటాతో మళ్లీ పరీక్షించారు. ఊరికే ఎంచిన జన్యువుల కన్నా అవి ఏమాత్రం మెరుగ్గా లేవు.

అపోహ: 2,000 కేసులంటే పెద్ద శాంపిలే.

ఎంత పెద్ద ప్రభావాన్ని వెతుకుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. 2005లో వయసుతో వచ్చే కంటి మాక్యులా జబ్బుకు సీఎఫ్‌హెచ్ జన్యువును 96 కేసులు, 50 కంట్రోళ్లతోనే పట్టుకున్నారు. రిస్క్ అల్లీల్ రెండు కాపీలున్నవాళ్లకు అక్కడ ముప్పు 7.4 రెట్లు, అందుకే అంత చిన్న శాంపిల్ సరిపోయింది. అలాంటి ప్రభావాలు చాలా అరుదు.

కంట్రోళ్లలో అల్లీల్ 30 శాతం ఉందనుకుందాం. ఆడ్స్ రేషియో (ఒక్కో రిస్క్ కాపీకి జబ్బు వచ్చే-రాని నిష్పత్తి ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకె) 1.4 అయితే, 5×10⁻⁸ హద్దు దాటే అవకాశం 80 శాతం ఉండాలంటే సుమారు 1,600 కేసులు, అంతమంది కంట్రోళ్లు కావాలి. ఆడ్స్ రేషియో 1.1కి పడితే సుమారు 20,000 కేసులు, 20,000 కంట్రోళ్లు కావాలి. అదే 1.1 ప్రభావాన్ని 2,000 కేసులు, 2,000 కంట్రోళ్లతో వెతికితే దొరికే అవకాశం దాదాపు 4,000లో ఒకటి. షుగర్‌తో ముడిపడ్డ స్నిప్‌లలో ఎక్కువ భాగం ఈ 1.1 చుట్టుపక్కలవే.

ఇంకో చిక్కుంది. చిన్న శాంపిల్‌లో హద్దు దాటిందంటే, అందులో అదృష్టం పాలు ఎక్కువ. కాబట్టి మొదటి స్టడీలో వచ్చిన ఆడ్స్ రేషియో అసలు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ అంకెనే నమ్మి తర్వాతి స్టడీకి శాంపిల్ లెక్క కడితే అది మళ్లీ చాలదు. శాంపిల్ లెక్కకు ఎప్పుడూ వేరే జనంలో మళ్లీ పరీక్షించినప్పుడు వచ్చిన అంకెనే వాడాలి.

అపోహ: కేసులు ఒక చోట, కంట్రోళ్లు ఇంకో చోట సేకరించినా లెక్క లెక్కే.

ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. రెండు సముదాయాలున్నాయనుకోండి. ఒక స్నిప్‌లో ‘ఏ’ అక్షరం మొదటిదాంట్లో 50 శాతం, రెండోదాంట్లో 20 శాతం. ఆ స్నిప్‌కు జబ్బుతో ఏ సంబంధమూ లేదు. కేసుల్లో 70 శాతం మంది, కంట్రోళ్లలో 40 శాతం మంది మొదటి సముదాయం నుంచి వచ్చారు. అప్పుడు ‘ఏ’ కేసుల్లో 41 శాతం, కంట్రోళ్లలో 32 శాతం తేలుతుంది. ఆడ్స్ రేషియో దాదాపు 1.48. రెండు వైపులా వెయ్యి మంది ఉంటే చాలు, 5×10⁻⁸ హద్దు కూడా దాటేస్తుంది. లేని జన్యువు దొరికినట్టే! ఇంత తేడా ఉండే స్నిప్‌లు తక్కువే. కానీ లక్షల్లో కొన్ని ఉన్నా అవే జాబితా పైకి వచ్చి కూర్చుంటాయి.

ఇది కాగితం మీద ఊహ మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని ఆరిజోనాలో పీమా ప్రజల మీద 1988లో వచ్చిన అధ్యయనంలో, యాంటీబాడీ జన్యువుల్లోని ఒక జీఎమ్ హాప్లోటైప్ (కలిసి వారసత్వంగా వచ్చే తేడాల గుంపు) ఉన్నవాళ్లలో షుగర్ 8 శాతం, లేనివాళ్లలో 29 శాతం కనిపించింది. హాప్లోటైప్ షుగర్ నుంచి కాపాడుతోందని అనిపిస్తుంది. నిజానికి అది యూరప్ మూలాలు ఎంత కలిశాయో చూపే గుర్తు. పూర్తిగా స్థానిక మూలాలున్నవాళ్లను మాత్రమే తీసుకుంటే ఆ తేడా మాయమైంది.

కులం లోపలే పెళ్లిళ్లు తరతరాలుగా సాగిన మన దగ్గర ఈ ప్రమాదం గురించి చెప్పనే అక్కర్లేదు. అయితే దీనికి మందుంది. ముందు ముడిపడిన స్నిప్‌లను పలచన చేయాలి. ప్లింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో 50 స్నిప్‌ల కిటికీ, 5 స్నిప్‌ల అడుగు, ఆర్-స్క్వేర్ (ముడి బలం) 0.2 మామూలుగా వాడే అంకెలు. ఆరో క్రోమోజోమ్‌లో 25 నుంచి 34 మెగాబేస్‌ల దాకా ఉన్న ఎంహెచ్‌సీ ప్రాంతాన్ని (రోగనిరోధక జన్యువుల గుంపు) తీసేయాలి, లేకపోతే ప్రిన్సిపల్ కాంపొనెంట్లు (లక్షల స్నిప్‌లను కుదించి మనుషుల మూలాలు చూపే కొన్ని అంకెలు) మూలాలకు బదులు ఆ ఒక్క ప్రాంతాన్నే చూపిస్తాయి. తర్వాత మొదటి 10 కాంపొనెంట్లను రిగ్రెషన్‌లో చేర్చాలి. చివర్లో అన్ని స్నిప్‌ల కై-స్క్వేర్ (తేడా ఎంత బలమైనదో చెప్పే అంకె) విలువల మీడియన్‌ను 0.455తో భాగించి లాంబ్డా, అంటే ఫలితాలు మొత్తంగా ఎంత ఉబ్బాయో, చూడాలి. అది 1కి దగ్గరగా ఉంటే మంచిదే. శాంపిల్ పెద్దదైతే అసలు సంకేతాల వల్లే లాంబ్డా పెరుగుతుంది. అప్పుడు అసలు సంకేతాలనూ మూలాల తేడానూ విడదీసే ఎల్‌డీ స్కోర్ రిగ్రెషన్‌లో ఇంటర్‌సెప్ట్ చూసి నిర్ణయించాలి.

కేసులందరూ ఒక కులం, కంట్రోళ్లందరూ ఇంకో కులం అయితే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. కాంపొనెంట్లు కలపగానే తప్పుడు సంకేతంతో పాటు అసలుదీ పోతుంది. ఆ స్టడీని సేకరణ దశలోనే కాపాడుకోవాలి. అదే ఆస్పత్రి పరిధి నుంచి, అవే సముదాయాల నుంచి కంట్రోళ్లను తేవాలి. షుగర్ స్టడీలో కంట్రోళ్లు 25 ఏళ్ల కుర్రాళ్లు అయితే వాళ్లలో చాలామంది రేపటి కేసులే.

అపోహ: విదేశీ క్వాలిటీ కంట్రోల్ అంకెలు ఇక్కడా యథాతథంగా వాడొచ్చు.

మేనరికాలున్న చోట కుదరదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పుట్టే బిడ్డకు ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియెంట్ (ఎఫ్: రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 1/16. అక్క కూతుర్ని చేసుకుంటే 1/8. హెటిరోజైగాసిటీ (రెండు కాపీలూ వేరుగా ఉన్న చోట్ల వాటా) సగటుకు మూడు ఎస్‌డీలు (ప్రామాణిక విచలనాలు) అటూ ఇటూ ఉన్న శాంపిళ్లన్నీ తీసేయమని సాధారణ పద్ధతి చెబుతుంది. పై వైపు తీసేయడం సరే, అది చాలాసార్లు రెండు రక్తనమూనాలు కలిసిపోయిన గుర్తు. కింది వైపు గుడ్డిగా కోస్తే మేనరికపు బిడ్డలు చాలామంది పోతారు. ముందు హోమోజైగస్ పట్టీల (రెండు కాపీలూ ఒకేలా ఉన్న డీఎన్ఏ ముక్కల) పొడవు చూడండి. పొడవైన పట్టీలుంటే అది బంధుత్వం, శాంపిల్ బాగానే ఉంది.

జన్యురూపాలు ఉండాల్సిన నిష్పత్తిలో లేని స్నిప్‌లను తీసేసే హార్డీ-వైన్‌బర్గ్ ఫిల్టర్‌దీ అదే కథ. సగటు ఎఫ్ 0.02 మాత్రమే ఉన్నా, లక్ష మంది స్టడీలో కై-స్క్వేర్ 40 వస్తుంది. ఏ లోపమూ లేని స్నిప్ 10⁻⁶ హద్దులో కొట్టుకుపోతుంది. వేర్వేరు సముదాయాలను కలిపేసినా హెటిరోజైగోట్లు తగ్గి ఇలాగే అవుతుంది. అందుకే ఈ పరీక్ష కంట్రోళ్లలో, సముదాయం వారీగా చేయాలి. హెటిరోజైగోట్లు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ కనబడితే మాత్రం చిప్ తప్పు చదివిందనే అనుమానించాలి.

దగ్గరి బంధువులను పై-హ్యాట్ (ఇద్దరు పంచుకునే డీఎన్ఏ వాటా) 0.1875 దగ్గర కోసేయడం కన్నా, బంధుత్వ మాత్రికను లెక్కలో చేర్చే మిక్స్‌డ్ మోడల్ మేలు. కేసులు బాగా తక్కువ, కంట్రోళ్లు బాగా ఎక్కువ ఉన్నప్పుడు సేజ్ (SAIGE), రెజెనీ (REGENIE) లాంటి సాఫ్ట్‌వేర్లు వాడాలి.

కుటుంబాలు దొరికితే టీడీటీ (ట్రాన్స్‌మిషన్ డిసీక్విలిబ్రియం టెస్ట్) ఉండనే ఉంది, 1993 నాటి పద్ధతి. హెటిరోజైగస్ తల్లి లేదా తండ్రి నుంచి జబ్బున్న బిడ్డకు ఏ అల్లీల్ వచ్చిందో లెక్కపెడతాం. 100 సార్లలో 60 సార్లు ‘ఏ’ వచ్చి, 40 సార్లు రాకపోతే, 20 స్క్వేర్‌ను 100తో భాగిస్తే కై-స్క్వేర్ 4. బిడ్డకు రాని అల్లీలే ఇక్కడ కంట్రోల్ కాబట్టి కులాల తేడా అడ్డం రాదు. నడివయసులో వచ్చే జబ్బులకు తల్లిదండ్రుల రక్తం దొరకడం కష్టం, అదొక్కటే చిక్కు.

అపోహ: చిప్ చదివిందంటే డేటా సరైనదే.

నూరేళ్లు దాటినవాళ్ల జన్యువులపై 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనను 2011లో వెనక్కి తీసుకున్నారు. వాడిన చిప్‌లలో ఒకదాని సాంకేతిక లోపాలు, చాలని క్వాలిటీ కంట్రోల్ కారణం. ప్రతి 96 గుంటల ప్లేటులో కేసులు, కంట్రోళ్లు కలగలిపి ఉంచండి. 98 శాతం కాల్ రేటు (చిప్ చదవగలిగిన వాటా) రాని శాంపిళ్లు, స్నిప్‌లు తీసేయండి. ప్రకటించబోయే ప్రతి స్నిప్‌కూ క్లస్టర్ ప్లాట్ (చిప్ సంకేతాలను మూడు జన్యురూపాల గుంపులుగా చూపే బొమ్మ) తెరిచి కళ్లతో చూడండి. మూడు గుంపులు విడివిడిగా లేకపోతే ఆ ఫలితాన్ని ఆపండి.

అపోహ: స్నిప్ ఏ జన్యువులో ఉంటే ఆ జన్యువే కారణం.

జీవాస్‌లో దొరికే స్నిప్‌లు దాదాపు 90 శాతం ప్రొటీన్‌ను కోడ్ చేయని ప్రాంతాల్లోనే ఉంటాయి. ఊబకాయంతో ముడిపడ్డ ఎఫ్‌టీఓ స్నిప్‌లు 2007లో బయటపడ్డాక ఏళ్ల తరబడి అందరూ ఎఫ్‌టీఓ జన్యువునే తవ్వారు. ఆ స్నిప్ దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 జన్యువులను నియంత్రిస్తోందని 2014, 2015లలో తేలింది. జీవాస్ చూపేది ప్రాంతాన్నే. అక్కడి నుంచి అసలు స్నిప్‌ను వెతికే ఫైన్-మ్యాపింగ్, తర్వాత కణాల మీద ప్రయోగాలు.

అపోహ: జన్యు రిస్క్ స్కోరు చూసి షుగర్ వస్తుందో రాదో చెప్పేయొచ్చు.

షుగర్‌తో గట్టిగా ముడిపడ్డ తరచు స్నిప్ టీసీఎఫ్7ఎల్2 జన్యువుది. పుణెవాసుల శాంపిళ్లలో దాన్ని 2007లో నిర్ధారించిన బృందంలో హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. దాని ఆడ్స్ రేషియో 1.4 చుట్టూ ఉంటుంది. అంటే 10 శాతం ముప్పు ఉన్న మనిషికి ఒక కాపీతో 13.5 శాతం అవుతుంది, 14 కూడా కాదు.

వేల స్నిప్‌లు కలిపిన స్కోర్లు ఇంతకన్నా బలంగానే ఉంటాయి, కానీ ఎక్కువ భాగం యూరప్ మూలాల డేటాతో తయారైనవి. 2019లో లెక్కకడితే వాటి కచ్చితత్వం దక్షిణాసియా వాళ్లలో 37 శాతం, ఆఫ్రికా మూలాల వాళ్లలో 78 శాతం తగ్గింది. పైగా మన దగ్గర మాత్రమే తరచుగా ఉండే తేడాలు వాటిలో ఉండవు. గుండె కండర జబ్బుతో ముడిపడిందని 2009లో గుర్తించిన ఎంవైబీపీసీ3 జన్యువులోని 25 అక్షరాల లోపం దక్షిణాసియాలో దాదాపు 4 శాతం మందిలో ఉంది, యూరప్‌లో దాదాపు కనిపించదు. జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు కింద చదివిన సుమారు 10,000 జీనోమ్‌లు ఇలాంటి తేడాలను పట్టడానికి పునాది.

ఏదైనా ల్యాబ్ మీకు రిస్క్ స్కోరు అమ్మజూపితే రెండు అడగండి: ఈ స్కోరును ఏ జనం మీద పరీక్షించారు? వయసు, నడుము కొలత, ఇంట్లో షుగర్ ఉందా లేదా అన్న మూడు సంగతులు తెలిశాక ఈ స్కోరు అదనంగా ఎంత చెబుతుంది? రెండింటికీ అంకెలతో జవాబు రాకపోతే, ఆ డబ్బుతో షుగర్ రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చేయించుకోండి.