పేడ తూచిన ఊరి నుంచి ప్రపంచపు కరెంటు లెక్క దాకా

2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండు 2,50,000 మెగావాట్లకు చేరింది. అంతకుముందు ఎన్నడూ అంత లేదు. ఇలాంటి రోజు వచ్చినప్పుడల్లా ఒకే చర్చ మొదలవుతుంది: ఇంకా ఎన్ని కేంద్రాలు కట్టాలి, బొగ్గు ఎక్కడి నుంచి తేవాలి? ఈ చర్చ కొత్తది కాదు. మొదలుపెట్టవలసిన ప్రశ్నే ఇది కాదని నలభై ఏళ్ల కిందట లెక్కలు వేసి చూపినవారు అమూల్య కుమార్ ఎన్. రెడ్డి.

బెంగళూరులో 1930లో పుట్టిన రెడ్డి చదివింది ఎలక్ట్రోకెమిస్ట్రీ, అంటే విద్యుత్తుకూ రసాయన చర్యలకూ ఉన్న సంబంధాన్ని చెప్పే శాస్త్రం. 1958లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో డాక్టరేట్ పొందారు. 1961 నుంచి 1966 వరకు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అక్కడి ఆచార్యుడు బోక్రిస్‌తో కలిసి రాసిన ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠ్యగ్రంథం 1970లో వెలువడి చాలా దేశాల విద్యార్థుల చేతుల్లోకి వెళ్లింది. ఆ పేరుతో అక్కడే స్థిరపడి ఉండవచ్చు. ఆయన మాత్రం 1966లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చేశారు. 1974లో అక్కడే 'అస్త్ర' అనే విభాగం మొదలుపెట్టారు. సైన్సును పల్లెలకు ఉపయోగపడేలా చేయడం దాని పని.

ముందు ఊళ్లకు వెళ్లి లెక్క తీశారు. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలోని పుర అలాంటి ఊరు. ఏ ఇంట్లో ఎన్ని కట్టెలు కాలుతున్నాయి, వాటి కోసం ఎంత దూరం నడుస్తున్నారు, నీళ్లు ఎవరు మోస్తున్నారు, పశువులను ఎవరు మేపుతున్నారు అని ఇంటింటా రాసుకున్నారు. ఊరి పనికి పట్టే మానవ శ్రమలో ఆడవాళ్ల వాటా 53 శాతం, మగవాళ్లది 31, పిల్లలది 16 అని తేలింది. ఇంధన గణాంకాలంటే టన్నులు, యూనిట్లు మాత్రమే అనుకునే కాలంలో ఆడవాళ్ల కాళ్ల నొప్పులను అంకెల్లోకి తెచ్చిన పని అది. నా దృష్టిలో రెడ్డి చేసిన పనులన్నిటిలోకి విలువైనది ఇదే. తర్వాతివన్నీ ఇక్కడి నుంచి మొలిచినవే.

పురలో ఊరుమ్మడి గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టారు. మొదట వంటకు ఇద్దామనుకున్నారు. ఊళ్లో దొరికే పేడతో అన్ని ఇళ్ల పొయ్యిలూ వెలగవని అర్థమైంది. అప్పుడు ఆ గ్యాస్‌తో చిన్న ఇంజిన్ నడిపి, కరెంటు తీసి, బోరు నీళ్లను కుళాయిల్లోకి, వెలుగును ఇళ్లలోకి పంపారు. పేడ తెచ్చి ఇచ్చినవాళ్లకు కిలోకు రెండు పైసలు. తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలే కనుక ఆ డబ్బు వాళ్ల చేతికే అందేది. గ్యాస్ తీశాక మిగిలిన మడ్డి ఎరువుగా తిరిగి వాళ్ల ఇళ్లకే చేరేది. ఆ ఊరికి కావలసింది నీళ్లు, దీపం. కిలోవాట్లు అందుకు సాధనం మాత్రమే.

ఇదే ఆలోచనను ఆయన మళ్లీ విదేశాలకు తీసుకెళ్లారు. బ్రెజిల్ నుంచి గోల్డెంబర్గ్, స్వీడన్ నుంచి యోహాన్సన్, అమెరికా ప్రిన్స్‌టన్ నుంచి రాబర్ట్ విలియమ్స్, ఇక్కడి నుంచి రెడ్డి జట్టు కట్టారు. మనిషికి సగటున ఒక్క కిలోవాట్ చొప్పున, అంటే రాత్రింబవళ్లు ఆగకుండా వెయ్యి వాట్ల వాడకానికి సరిపడా ఇంధనం ఉంటే, దాన్ని మంచి యంత్రాలతో వాడుకుంటే, 1970ల నాటి పశ్చిమ ఐరోపా జీవన ప్రమాణం పేద దేశాలకూ అందుతుందని 1985లో చూపించారు. అప్పటికే ఆ దేశాల సగటు వాడకం దానికి కాస్త తక్కువగా ఉండేది. కట్టెలు, పేడ పిడకలు అసమర్థంగా కాలడం వల్ల అందులో చాలా భాగం వృథా అవుతోందని వారి వాదన.

1987లో పర్యావరణం, అభివృద్ధిపై ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ ఈ లెక్కను తన నివేదికలో చేర్చింది. 1980లో ప్రపంచ ఇంధన వాడకం దాదాపు 10 టెరావాట్లు (ఒక టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు). 2030 నాటికి 35 కావాలన్నది ఒక అంచనా, 2020లో 11.2తో సరిపెట్టవచ్చన్నది ఈ నలుగురి మాట. నిజంగా 2020లో ప్రపంచం వాడింది 18 టెరావాట్ల దాకా ఉంది. నలుగురూ ఆశించినంత పొదుపు జరగలేదు, అదే సమయంలో పెద్ద అంచనా వేసినవారు భయపెట్టినంతా కాలేదు. అదనంగా కాలిన ప్రతి టన్ను బొగ్గు పొగా గాలిలోకే చేరింది. కనుక ఈ తేడాను అంకెల పందెంలా చూడలేను.

1987లోనే కర్ణాటక ప్రభుత్వ కమిటీ ఒకటి 2000 సంవత్సరానికి రాష్ట్రానికి సుమారు 9,400 మెగావాట్లు కావాలంది. అంత డబ్బు ప్రభుత్వం దగ్గర లేదు. రెడ్డి బృందం ఆ పద్దును తిరగేసింది. గతంలో ఎంత పెరిగిందో చూసి అదే గీతను పొడిగించకుండా, కరెంటు దేనికి వాడతారో ఒక్కొక్క పనినీ విడిగా లెక్కించింది. మామూలు బల్బుల బదులు మంచి దీపాలు, గీజర్ల బదులు సోలార్ వాటర్ హీటర్లు, పొలం మోటార్లకు మెరుగైన ఫుట్‌వాల్వులు (నీళ్లు లాగే పైపు అడుగున ఉండే కవాటాలు), పైపులు పెడితే సుమారు 4,000 మెగావాట్లు చాలునని తేల్చింది. ఇంకా కరెంటు లేని ఇళ్లన్నిటికీ ఇవ్వడం కూడా ఆ లెక్కలోనే ఉంది. పొదుపంటే పేదవాడి దీపం ఆర్పడమన్న అపోహకు అది గట్టి జవాబు.

రెడ్డి 2006 మే 7న కన్నుమూశారు. దీపాల విషయంలో ఆయన బాట తర్వాత నిజమైంది. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ ఎల్ఈడీ బల్బులు పంచారు. అదే పథకం దేశమంతా విస్తరించి 36 కోట్ల బల్బులు దాటింది. ప్రభుత్వం 2014 మొదట్లో 310 రూపాయలకు కొన్న బల్బు 2016కల్లా 38 రూపాయలకు దిగింది.

పొలం మోటార్లు మాత్రం మిగిలిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా ప్రకటించారు. రైతుకు ఆ అండ అవసరమే. కానీ కాలిపోయిన మోటారుకు ఊళ్లోనే వైండింగ్ చేయించి మళ్లీ బోరులోకి దించుతున్నప్పుడు, అది అంతే నీటికి మునుపటి కంటే ఎక్కువ కరెంటు తాగుతోందేమోనని కొలిచేవారు లేరు. రెడ్డి ఆ మోటారు దగ్గరికి 1980ల్లోనే వెళ్లారు.