వీపీఎన్ పోతూ పోతూ నెట్‌ను ఎందుకు తీసుకపోయింది?

హనుమకొండ

చిన్నూ, బుజ్జీ,

"తాతా, వీపీఎన్ అన్‌ఇన్‌స్టాల్ చేసినం. వైఫై ఉన్నది గని ఒక్క పేజీ తెరుచుకుంటలేదు" అని రాసిన్రు. వీపీఎన్ అంటే మన నెట్‌ను ఇంకో సర్వర్ మీదికెల్లి తిప్పే ప్రోగ్రాం. తప్పు మీది కాదు, పోయిన ఆ ప్రోగ్రాందే.

పాత పెంకుటింట్ల అన్నదమ్ములు పాలు పంచుకుంటే నడుమగోడ ఇద్దరిదీ. మా చిన్నతనంల పిల్లలమంత ఆ గోడెక్కే కూసునేటోళ్లం, రెండు వాకిళ్లల్ల ఎండబెట్టిన వడియాలు కనబడేటివి. తమ్ముడు తన పాలు కూలగొట్టేటప్పుడు గోడను ముట్టద్దు, అన్న దూలాలు దాని మీదనే ఉంటయి.

విండోస్‌ల డీఎల్‌ఎల్ ఫైళ్లు, అంటే ప్రోగ్రాంలు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్లు, చానా మటుకు గసోంటి గోడలే. ఒక్కో గోడ మీద ఎందరి దూలాలున్నయో విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీల షేర్డ్‌డీఎల్‌ఎల్స్ అనే చోట లెక్క ఉంటది. ప్రోగ్రాం వస్తే ఒకటి పెరగాలె, పోతే ఒకటి తగ్గాలె, సున్న అయితేనే ఫైలు తీయాలె. వచ్చినప్పుడు ఎవడన్న లెక్క రాయకుంటే, ఇంకోడు పోయేటప్పుడు సున్న చూసి గోడ కూలగొడ్తడు. విండోస్ సొంత ఫైళ్లకైతే కాపలా గట్టిగనే ఉన్నది. ఎక్కువ దెబ్బ తగిలేది నెట్ సెట్టింగులకు, పరికరాలను నడిపే డ్రైవర్లకు. వీపీఎన్‌లు, యాంటీవైరస్‌లు చెయ్యి పెట్టేది ఆడనే.

ముందుగాల సెట్టింగ్స్‌ల నెట్‌వర్క్, అండ్ల ప్రాక్సీ తెరువున్రి. ప్రాక్సీ అంటే మన తరఫున పేజీలు తెచ్చిపెట్టే నడుమ మనిషి. "యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్" ఆన్‌ల ఉండి, అడ్రస్ 127.0.0.1 అని ఉన్నదా? అది మీ కంప్యూటర్ అడ్రసే. ఆడ పనిచేసేటోడు ఎల్లిపోయిండు, పేజీలు మాత్రం ఇంక వాని తలుపే కొడ్తున్నయి. ఆఫ్ చేయున్రి. అప్పటికీ రాకుంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గ తెరిచి "నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్" (netsh winsock reset) అని ఇంగ్లిష్‌ల కొట్టి రీస్టార్ట్ చేయున్రి. రీస్టార్ట్ కాకుంటే అది చేసినా చేయనట్టే.

నెట్ వచ్చినంక ఆడనే "ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ" (sfc /scannow) కొట్టున్రి, అది విండోస్ ఫైళ్లను చూసి బాగు చేస్తది, స్లాష్‌కు ముందు ఖాళీ ఉండాలె. కొన్ని ఫైళ్లు బాగు చేయలేకపోయిన అంటే "డిజమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్" (DISM /Online /Cleanup-Image /RestoreHealth) కొట్టి, మళ్లా ఎస్‌ఎఫ్‌సీ నడపాలె. డిజమ్ మంచి ఫైళ్లను మామూలుగ విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటది, అందుకే నెట్ ముందు బాగుకావాలె. నడుమల ఒక అంకె కాడ ఆగినట్టు కనబడితే కిటికీ మూయకున్రి.

ఇగ ముందట ఏదన్న తీసేటప్పుడు రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టున్రి, ఏదన్న చెడితే విండోస్‌ను ఆ గుర్తు కాడికి వెనుకకు తేవచ్చు. వెనుకకు పోయినా మీ ఫోటోలు ఎటూ పోవు. ప్రోగ్రాం ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేసుడు, రిజిస్ట్రీ క్లీనర్లు నడుపుడు మాత్రం వద్దు. "విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యుటబుల్" అని ప్రోగ్రాంల లిస్టుల నాలుగైదు కనబడితే చెత్త అనుకోకున్రి, మీ గేములు వాటి మీదనే నిలబడ్డయి.

సీ డ్రైవ్‌ల విండోస్, అండ్ల సిస్టమ్32 ఫోల్డర్ తెరిచి ఎంఎస్‌వీసీపీ140 (msvcp140.dll) అనే ఫైలు దేవులాడున్రి, ఆ విజువల్ సీ ప్లస్ ప్లస్ గోడే అది. దాని చుట్టూ ఎన్ని వేల గోడలున్నయో కండ్లార చూడున్రి. డిలీట్ బటన్ జోలికి పోవద్దు.

మీ తాత