పెళ్లి కుదరదు, పిచ్చి కుదరదు: బూట్‌లో చిక్కుముడి

"మా లినక్స్ కంప్యూటర్ ఒకరోజు చక్కగా లేస్తుంది, ఇంకోరోజు నెట్ లేకుండా లేస్తుంది. ఈ మధ్య ఏ సెట్టింగూ మార్చలేదు. ఏమిటీ వింత?" అని ఒక పాఠకుడు అడిగారు. స్క్రీన్ ఫొటో కూడా పంపారు. అందులో ‘ఫౌండ్ ఆర్డరింగ్ సైకిల్’ (వరసలో చుట్టు దొరికింది) అనే లైను చూడగానే నాకు హుషారొచ్చింది.

కంప్యూటర్ లేవడాన్నే బూట్ అంటారు. అందులో మొదట నడిచే బయోస్, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ సంగతులు వదిలేద్దాం, అవి ఎక్కడైనా దొరుకుతాయి. కెర్నెల్ తన పని ముగించి మిగతావాటిని లేపే ఒకటో నంబరు ప్రాసెస్‌కి పగ్గాలిచ్చాక కథ మొదలవుతుంది. పూర్వం స్టార్టప్ స్క్రిప్టులకు నంబర్లు వేసి ఒకదాని తర్వాత ఒకటి నడిపేవాళ్లు. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ తెచ్చిన సిస్టమ్‌డీ (మన కథలో ఆ ఒకటో ప్రాసెస్ ఇదే) ఆ క్యూని తీసేసింది. ఎవరికి ఎవరు కావాలో రాసిస్తే చాలు, వీలైనవన్నీ ఒకేసారి లేపుతుంది.

ఇక్కడ రెండు మాటలు విడివిడివి. ‘రిక్వైర్స్’ అంటే అది ఉండి తీరాలి. ‘ఆఫ్టర్’ అంటే అది లేచాకే నేను. ఉదాహరణకి, డేటాబేస్ కావాలని వెబ్ సర్వర్‌కి మొదటిది మాత్రమే రాస్తే రెండూ ఒకేసారి లేస్తాయి, డేటాబేస్ సిద్ధం కాకముందే వెబ్ సర్వర్ దాన్ని పిలిచి దెబ్బతింటుంది. కోర్సుల్లో ఈ తేడాని ఒక వాక్యంలో దాటేస్తారు. నన్నడిగితే ఒక పూర్తి క్లాసు దీనికే ఇవ్వాలి.

ఇక మన పాఠకుడి గొడవ. ఆయన ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో (బూట్‌లో ఏ డిస్కుని ఎక్కడ తగిలించాలో రాసే జాబితా) రెండు లైన్లున్నాయి. మొదటిది, ఇంకో గదిలో ఉన్న స్టోరేజ్ పెట్టెని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా తగిలించేది. రెండోది, ఆ పెట్టెలోని ఫొటోల ఫోల్డర్ తన హోమ్‌లో కూడా కనబడాలని పెట్టుకున్న బైండ్ మౌంట్. రెండూ పద్ధతిగానే ఉన్నాయి. కానీ బైండ్ మౌంట్‌ని చూసి సిస్టమ్‌డీ ‘ఇది లోకల్ డిస్కే’ అనుకుంటుంది. కాబట్టి లోకల్ ఎఫ్ఎస్ టార్గెట్ (‘లోకల్ డిస్కులు తగిలాయి’ అనే మజిలీ; టార్గెట్లన్నీ ఇలాంటి మజిలీలే) కంటే ముందు అది పూర్తవ్వాలని వరస రాసేస్తుంది. అది పూర్తవ్వాలంటే ఎన్ఎఫ్ఎస్ ముందు రావాలి. ఎన్ఎఫ్ఎస్‌కి నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ కావాలి, దానికి నెట్ కలిపే నెట్‌వర్క్ మేనేజర్ లేవాలి. నెట్‌వర్క్ మేనేజర్ మామూలు సర్వీసు కాబట్టి సిస్ఇనిట్, బేసిక్ అనే తొలి టార్గెట్ల తర్వాతే లేస్తుంది. ఆ సిస్ఇనిట్ లోకల్ ఎఫ్ఎస్ కోసం ఆగుతుంది. లోకల్ ఎఫ్ఎస్ ఎవరి కోసం ఆగుతోంది? మన ఫొటోల ఫోల్డర్ కోసం!

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. సామెతలో ఇద్దరే, ఇక్కడ ఏడెనిమిది మంది పెద్దలు. ఒక్కొక్కరు పెట్టిన షరతు న్యాయమైనదే. అన్నీ కలిపి చదివినవాడే లేడు.

సిస్టమ్‌డీ మాత్రం చదువుతుంది. ప్రతి పని నుంచీ బయలుదేరి, ఎవరి తర్వాత ఎవరో ఆ వరస వెంబడి నడుస్తూ, దారిలో గుర్తులు పెడుతుంది. ఈ దారిలోనే తను పెట్టిన గుర్తు మళ్లీ ఎదురైతే చుట్టు దొరికినట్టే. అప్పుడు అదే దారిని పట్టుకుని, బూట్‌కి తప్పనిసరి కాని పని ఒకటి వెతికి, దాన్ని కొట్టేస్తుంది. ‘వాంట్స్’తో (ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది అనే మాట) పిలిచినవాళ్లంతా ఇలా బలికి అర్హులే. ప్రతిసారీ అదే పని బలవ్వాలని లేదు. ఒక బూట్‌లో లోకల్ ఎఫ్ఎస్ టార్గెట్ పోతుంది, పైకి అంతా బాగానే కనబడుతుంది. ఇంకో బూట్‌లో నెట్‌వర్క్ మేనేజర్ పోతుంది, నెట్ ఉండదు.

‘రీస్టార్ట్ చేస్తే అదే సర్దుకుంటుంది’ అన్న మూఢనమ్మకం పుట్టేది ఇలాంటి చోటే. దసరాకి సర్వర్‌కి బొట్టు పెట్టడంలో నాకేం అభ్యంతరం లేదు, అందంగా ఉంటుంది. స్క్రిప్టులో ముప్పై సెకన్లు ఆగమనే స్లీప్ పెట్టి పూజ అయిపోయిందనుకోవడమే చికాకు.

చేయాల్సింది ఇది. లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ బీ (ఈ బూట్‌ది మాత్రమే) తగిలించి, వచ్చిన లాగ్‌లో ‘సైకిల్’ అని వెతకండి. చుట్టులో ఎవరెవరున్నారో పేర్లతో సహా ఉంటుంది, ఎవరు బలయ్యారో కూడా. తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో బైండ్ లైనుకి ‘అండర్‌స్కోర్ నెట్‌డెవ్’ అనే ఆప్షన్ చేర్చండి. అంతే, అది లోకల్ జాబితాలోంచి రిమోట్ ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ డిస్కుల) జాబితాలోకి వెళ్తుంది, లోకల్ ఎఫ్ఎస్ దాని కోసం ఆగడం మానేస్తుంది. డీమన్ రీలోడ్ చేసి (అంటే సిస్టమ్‌డీ చేత సెట్టింగులు మళ్లీ చదివించి), సిస్టమ్‌డీ ఎనలైజ్ వెరిఫై కమాండ్‌కి డిఫాల్ట్ టార్గెట్ పేరు ఇస్తే, రీబూట్ చేయకుండానే ముడి విడిందో లేదో తెలుస్తుంది.

చాలామంది అదే లైనుకి ‘నోఫెయిల్’ (తగలకపోయినా బూట్ సాగనీ) అనే ఆప్షన్ పెట్టమని సలహా ఇస్తారు. అదీ చుట్టుని తెంపుతుంది. కానీ దాంతో బూట్ ఆ ఫోల్డర్ కోసం అసలు ఆగదు. ఈలోగా ఫొటోల ప్రోగ్రామ్ ఏదైనా లేచి ఖాళీ ఫోల్డర్లో ఫైళ్లు రాసేస్తే, తర్వాత మౌంట్ వచ్చి వాటిపైన కూర్చుంటుంది. ఫైళ్లు డిస్కులోనే ఉంటాయి, కంటికి కనబడవు. నోఫెయిలే కావాలనుకుంటే ఆ ప్రోగ్రామ్ సర్వీసు ఫైల్లో ‘రిక్వైర్స్ మౌంట్స్ ఫర్’ (ఈ ఫోల్డర్ తగిలాకే నేను) అని ఫోల్డర్ పేరు కూడా రాయండి.